గుంజలు దిగిన ఇల్లు

వాలరూ ఫ్లాట్ అనే ఆ గని ఊళ్ళో అమ్మకానికి పెట్టని కట్టడం పోలీసు స్టేషన్ ఒక్కటే అని మెర్వ్ అనేవాడు. అది పూర్తిగా నిజం కాదు. చర్చిని కూడా అమ్మకానికి పెట్టలేదు. పెట్టినా కొనేవాడు రాడని ఫాదర్‌కు ముందే తెలుసు.

ఏ వీధిలోకి వెళ్ళినా ఇంటి ముందు పచ్చికలో బోర్డులే. కొన్ని బోర్డుల మీద ఏజెంటు ఫోటో ఎండకు వెలిసిపోయి పళ్ళు మాత్రం మిగిలాయి. రేలీన్ ప్యాస్కో ఇంటి ముందున్న బోర్డు మాత్రం తళతళలాడుతూ ఉండేది. ప్రతి ఆదివారం ఆవిడ తడిగుడ్డ పెట్టి దాన్ని తుడిచేది.

"బోర్డు తుడిస్తే ఇల్లు అమ్ముడుపోతుందా, రేలీన్?" అని పక్కింటి కంచె మీద మోచేతులు ఆనించి మెర్వ్ అడిగేవాడు.

"నీ మొహం రోజూ తుడుచుకుంటావుగా. ఎవరైనా కొన్నారా?" అనేది ఆవిడ.

బొగ్గు ధర ఆకాశంలో ఉన్న రోజుల్లో ఈ ఊళ్ళో కారు షెడ్డులో మంచం వేసుకోవడానికి కూడా మనుషులు వరసలో నిలబడ్డారు. ధర పడిపోగానే కంపెనీ గనిని మూసేశామని అనలేదు. విశ్రాంతిలో ఉంచాం అన్నది. కంపెనీవాళ్ళకు ఇలాంటి మెత్తటి మాటలు ఎక్కడి నుంచో దొరుకుతూ ఉంటాయి. విశ్రాంతి గనికి, పస్తు మనుషులకు. కొన్నాళ్ళకు సగం గని మళ్ళీ తెరిచారు గానీ, ఊరివాళ్ళను పిలవలేదు. ఎక్కడెక్కడి నగరాల నుంచో పనివాళ్ళను విమానంలో తెచ్చి, ఊరవతల తీగ కంచెలో రేకు గదులు వేసి పెట్టారు. వాళ్ళు అక్కడే తిని, అక్కడే పడుకుని, వంతు అయిపోగానే ఎగిరిపోతారు. ఊళ్ళో ఒక్క రొట్టె కూడా కొనరు. గని నుంచి బొగ్గు వెళ్తూనే ఉంది. ఊరి నుంచి మనుషులు వెళ్తున్నారు. లెక్క సరిపోయిందని ఎక్కడో ఎత్తైన మేడలో ఎవడో సంతకం పెట్టి ఉంటాడు.

రేలీన్‌కు యాభై ఆరేళ్ళు. అందులో ఇరవై రెండేళ్ళు డంపర్ మీద గడిచాయి. గనిలో మట్టీ బొగ్గూ మోసే, మేడంత ఎత్తు ఉండే బండి అది. నిచ్చెన ఎక్కి సీట్లో కూర్చోవాలి. చేరిన మొదటివారం ఎవరో మగ మహారాజులు ఆవిడ సీటు మీద చచ్చిన పాముని చుట్ట చుట్టి పెట్టారు. ఆవిడ దాన్ని తోకపట్టి క్యాంటీన్‌లోకి తీసుకెళ్ళి, "ఎవరో భోజనం మరిచిపోయారు" అని బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత ఆ సీటు జోలికి ఎవరూ పోలేదు. మెర్వ్ అప్పుడు అదే షిఫ్టులో పొక్లెయిన్ నడిపేవాడు. ఆ పాముని చంపింది తానేనని పదేళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు.

భర్త ఉండేవాడు. ఒక వానాకాలం ఉత్తరాన కైర్న్స్ వైపు పనికి వెళ్ళాడు. అక్కడ వాతావరణం పడిందట, ఉండిపోయాడు. ఆ సంగతి గురించి ఆవిడ ఇంతకు మించి ఎవరితోనూ మాట్లాడలేదు. ఇల్లు మాత్రం తన జీతంతో కొనుక్కుంది. నడుమెత్తు చెక్క గుంజల మీద నిలబెట్టిన పాత కాలపు ఇల్లు, మీద రేకులు, మూడు వైపులా వరండా. రంగు వెలిసిన ప్రతిసారీ తనే నిచ్చెన వేసుకుని తెల్లరంగు కొట్టేది. ధరలు మండిపోతున్న రోజుల్లో ఎవడో సిడ్నీ నుంచి ఫోన్ చేసి, ఇల్లు చూడకుండానే, ఊళ్ళో ఎవరూ వినని మొత్తం ఇస్తానన్నాడు. అప్పుడు కూతురు పదో తరగతి. "పిల్ల చదువు మధ్యలో ఇల్లు మారను" అని ఫోన్ పెట్టేసింది.

ఈ కథ ఊరందరికీ తెలుసు. పబ్బులో ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు.

"అప్పుడే అమ్మి ఉంటే ఈపాటికి సముద్రం ఒడ్డున కాళ్ళు చాపుకుని కూర్చునేదానివి," అనేది పబ్బులో వంట చేసే జానిస్.

"అప్పుడు అమ్మి ఉంటే నా పిల్ల నీలాగా తయారయ్యేది," అనేది రేలీన్. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

ఇప్పుడు అమ్మక తప్పదు. సముద్రపు రేవులో ఓడలకు బొగ్గు ఎత్తే యంత్రం మీద పని దొరికింది. వేసవి మొదలయ్యేలోగా చేరాలి. రేవు ఊళ్ళో తల దాచుకోవడానికి చిన్న ఫ్లాటు ఒకటి చూసి పెట్టుకుంది. ఈ ఇల్లు అమ్మితేనే అది కుదిరేది. తాళం వేసి వెళ్ళిపోవచ్చు కదా అంటే, అలా వెళ్ళిన ఇళ్ళ గతి ఆవిడ చూస్తూనే ఉంది. ముందు పచ్చిక మోకాలెత్తు పెరుగుతుంది. తర్వాత కిటికీ అద్దం ఒకటి పగులుతుంది. ఆపైన ఎవరో వచ్చి గోడల్లోని రాగి గొట్టాలు పీక్కుపోతారు. అవతలి వీధిలో ఒకాయన బ్యాంకువాళ్ళ చేతిలో తాళాలు పెట్టి, ఊరొదిలి, మళ్ళీ వెనక్కి చూడలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు పావురాలు ఉంటున్నాయి. తన ఇంటికి ఆ గతి పట్టకూడదు. ఎవరైనా వచ్చి కాపురం ఉండాలి. బతిమాలకుండా అమ్మాలి. ఆవిడ పట్టు అంతే.

ఏజెంటు పేరు బ్రేడన్. తీరం నుంచి వారానికోసారి వచ్చేవాడు. మొన కూచిగా ఉండే బూట్లు, ఎర్రమట్టి అంటకుండా నడిచే నడక. ఒకరోజు వరండాలో కూర్చుని టీ తాగుతూ గొంతు సవరించుకున్నాడు.

"రేలీన్, మీరు ధర విషయంలో కాస్త ఆలోచించాలి. మార్కెట్‌ని మనమే వెళ్ళి కలవాలి."

"ఎవర్ని?"

"మార్కెట్‌ని."

"ఎక్కడుంటాడు? అడ్రసు చెప్పు, వెళ్ళి కలుస్తాను. పోర్కు చాప్స్ వండి పట్టుకెళ్తాను."

బ్రేడన్ నవ్వాలో వద్దో తెలియక బిస్కెట్టు కొరికాడు. "అంటే, ధర ఇంకొంచెం దించాలి అని."

"మూడుసార్లు దించాను కదా, అబ్బాయ్. నేను దించిన ప్రతిసారీ మీ మార్కెట్టు ఇంకో మెట్టు దిగి కూర్చుంటోంది. ఇది కలవడం కాదు, వెంటపడటం."

ఆ వారమే ఒక కాంట్రాక్టరు వచ్చాడు. రేకు గదుల క్యాంపుకు సరుకు వేసే మనిషి. గేటు దగ్గరే నిలబడి, ఇంటివైపు కూడా చూడకుండా, పచ్చికని కాలితో కొలిచాడు.

"ఇల్లు మాకొద్దు. స్థలం చాలు. ఇల్లు పడగొట్టే ఖర్చు మేమే పెట్టుకుంటాం," అన్నాడు ఉపకారం చేస్తున్నట్టు.

రేలీన్ గులాబీ మొక్కలకు నీళ్ళు పెడుతోంది. పైపు మడిచి నీళ్ళు ఆపింది. "మీ బూట్లు కాస్త వెనక్కి పెట్టండి. అక్కడ తడవబోతోంది," అని పైపు వదిలింది. కాంట్రాక్టరు సాక్సుల దాకా తడిసిపోయాడు. మెర్వ్ ఆ సంగతి పబ్బులో చెప్పినప్పుడల్లా నీళ్ళు మరికాస్త పైకి ఎక్కేవి. చివరికి ఆ మనిషి ఈదుకుంటూ వెళ్ళాడు.

ఇక మిగిలింది వేలం. బ్రేడనే తెచ్చాడు ఆ మాట. పదిమంది ఎదురుగా పాట పెడితే వేడి పుడుతుందన్నాడు. శనివారం పొద్దున అనుకున్నారు. ముందురోజు రేలీన్ పచ్చిక కోసింది, కిటికీలు తుడిచింది, ఇంటి కింద గుంజల మధ్య కూడా వంగి ఊడ్చింది.

ఇంటి వేలానికి కొనేవాళ్ళే రావాలని ఎక్కడా లేదు. వీధి వీధంతా వచ్చింది. మడతకుర్చీలు, బీరుసీసాల ఐసుపెట్టెలు, కుక్కలు. పచ్చిక మీద మెర్వ్ సాసేజీలు కాలుస్తున్నాడు. అతన్ని ఎవరూ కాల్చమనలేదు. కానీ ఇంతమంది జనం ఒకచోట చేరితే పటకారు పట్టుకోకుండా ఉండటం అతనివల్ల కాదు.

కొత్త మొహం ఒక్కటే. దుమ్ముకొట్టుకుపోయిన పికప్ బండిలో వచ్చిన ఒకావిడ. నల్లని, గట్టి మనిషి. రేలీన్ ఈడే ఉంటుంది. రబ్బరు బూట్లు వేసుకుంది. వంటగది చూపిస్తానని బ్రేడన్ ఎదురెళ్తే, "తర్వాత" అని, మోకాళ్ళ మీద వంగి ఇంటి కిందికి దూరిపోయింది.

"ఆవిడ కొనే మనిషి కాదు," అని బ్రేడన్ రేలీన్ చెవిలో గొణిగాడు. "కొనేవాళ్ళు వంటగది చూస్తారు. గుంజలు చూడరు."

పాట మొదలైంది. బ్రేడన్ ఇంటి గొప్పలు చదివాడు. వరండా గాలి, వెనకవైపు మామిడిచెట్టు, ఊరి భవిష్యత్తు. ఊరి భవిష్యత్తు అన్నప్పుడు ఎవరో దగ్గారు. తర్వాత, "ఎవరు మొదలుపెడతారు?" అని చేయి చాచి నిలబడ్డాడు.

ఎవరూ మొదలుపెట్టలేదు. పెనం మీద సాసేజీ చిటపటలాడటం వినిపిస్తోంది. రేలీన్ వరండా మెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది. మొహంలో ఏమీ కనిపించనివ్వలేదు. కానీ మెడ దగ్గర ఎరుపెక్కింది. అది మెర్వ్ చూశాడు.

అతను పటకారు పైకెత్తాడు. ఒక మొత్తం చెప్పాడు.

బ్రేడన్ మొహం వెలిగింది. "అక్కడ పెద్దమనిషి పాడాడు. ఇంకెవరైనా?"

జానిస్ చేయెత్తి ఇంకొంచెం పెంచింది. మెర్వ్ ఆమెవైపు గుడ్లురిమి చూసి మళ్ళీ పెంచాడు. ఆమె మళ్ళీ పెంచింది. వెనక నుంచి గ్యారేజీ డగ్గీ, ఆ ఇద్దరూ ఏం చేస్తున్నారో తెలియకపోయినా తను వెనకబడకూడదన్నట్టు, అందరికంటే పెద్ద మొత్తం అరిచాడు. జనం కుర్చీల్లో ముందుకు జరిగారు. బ్రేడన్ చుట్టచుట్టిన కాగితాన్ని అరచేతిలో కొట్టుకుంటూ, "ఇంకొక్క పాట, ఇంకొక్కటి వస్తే ఇల్లు అమ్మకానికి తెగినట్టే" అన్నాడు. ఆ ఒక్కటీ పాడటానికి మెర్వ్ మళ్ళీ పటకారు ఎత్తాడు.

మెర్వ్ ఉండేది వాన పడితే కారే ఇంట్లో. జానిస్‌కు పబ్బు పైన ఒక గది, అందులో ఒక పిల్లి. డగ్గీకి గ్యారేజీ మీద అప్పు తప్ప వేరే ఆస్తి లేదు. పాట ఖాయమైతే సంతకం పెట్టాల్సిందే. కాదంటే చట్టం మెడమీద కూర్చుంటుంది.

రేలీన్ మెట్లు దిగి వచ్చింది.

"మెర్వ్, పటకారు దించు."

"నేను పాడుతున్నాను."

"నువ్వు పాడితే కుక్కలు కూడా పారిపోతాయి. దించు."

అతను దించాడు. ఆవిడ జానిస్ వైపు తిరిగింది. "నీకెందుకే ఈ ఇల్లు?"

"గాలి మార్పుకి," అంది జానిస్. తర్వాత తల దించుకుంది. "ఒక్కళ్ళూ నోరెత్తకపోతే నీకు తల కొట్టేసినట్టు ఉంటుందని మెర్వ్ పాడాడు. వీడు నిజంగానే ఇరుక్కుంటాడేమోనని, వీణ్ణి బయట పడెయ్యడానికి నేను పెంచాను."

"నన్నా? నువ్వు ఇరుక్కుంటావని కదా నేను మళ్ళీ పెంచింది," అన్నాడు మెర్వ్.

"మరి నువ్వో?" అని రేలీన్ డగ్గీని అడిగింది.

"వాళ్ళిద్దరినీ చూసి," అన్నాడు డగ్గీ. "ఏదో లాభం ఉందనుకున్నాను."

జనం పగలబడి నవ్వారు. బ్రేడన్ నవ్వలేదు. "పాట జరుగుతోంది. ఇది పద్ధతి కాదు," అన్నాడు.

"పద్ధతి కాదనే ఆపుతున్నాను. ఇల్లు వెనక్కి తీసుకుంటున్నా," అంది రేలీన్. ఆపైన అందరికీ వినపడేలా, గొంతు పెంచకుండానే అంది. "నాకు అమ్మే అవసరం ఉంది. కానీ మావాళ్ళకే అమ్ముకునేంత అవసరం రాలేదు. నా పరువు కోసం మీరు పరువు పోగొట్టుకోవద్దు. తినండి, చల్లారిపోతున్నాయి."

లోపలికి వెళ్ళి, పొద్దున్నే కడిగి బోర్లించిన కప్పులు మళ్ళీ కడిగింది. కోపం ఉంది. కానీ దాని కింద ఇంకొకటి ఉంది. ఈ ఊరు తన ముందు కుర్చీలేసుకుని కూర్చుని, జేబులో లేని డబ్బంతా తన గుమ్మంలో పోయబోయింది. కంపెనీవాళ్ళు ఇరవై రెండేళ్ళ నౌకరీకి ఒక గోడగడియారం ఇచ్చి పంపారు. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే తలెత్తుకోవాలనిపించింది.

వెనక తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. రబ్బరు బూట్ల మనిషి. జుట్టు నిండా సాలెగూళ్ళు.

"మీ ఇంటి కింద ఊడుస్తారా?" అని అడిగింది.

"వారానికోసారి."

"అనుకున్నాను. నా పేరు ఎస్తర్ టాన్నా. తీరంలో సరైనా అనే ఊరి వైపు మాది. నాకు ఈ ఇల్లు కావాలి. స్థలం వద్దు."

రేలీన్ కప్పు కింద పెట్టింది. "మొన్నొకడు వచ్చి ఇల్లొద్దు, స్థలం చాలన్నాడు. ఇవాళ మీరు స్థలం వద్దు, ఇల్లు చాలంటున్నారు. ముందే మాట్లాడుకుని వచ్చి ఉంటే నా పని తేలికయ్యేది."

ఎస్తర్ నవ్వి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. చెరుకు కోతకని దొరలు సముద్రం అవతలి ద్వీపాల నుంచి తీసుకొచ్చిన తాత, చచ్చేదాకా చెమటోడ్చి సంపాదించిన నేల తమకు అక్కడ ఉందని చెప్పింది. దాని మీద తండ్రి కట్టిన ఇల్లు పోయిన తుఫానుకు రేకు కూడా మిగలకుండా కొట్టుకుపోయింది. కొడుకులు, కోడళ్ళు, మనవలు రెండు కారవాన్ బళ్ళలో, ఒక టార్పాలిన్ పట్టా కింద ఉంటున్నారు. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు రెండేళ్ళు ఆగమన్నారు. రేటు విని ఆవిడ రెండోసారి అడగలేదు. ఎక్కడైనా నిలబడ్డ చెక్క ఇల్లు దొరికితే గుంజల మీద నుంచి దింపి లారీలో తెచ్చుకుందామని ఊరూరా వెతుకుతోంది.

"మీ ఇంటి దూలాలు మోగించి చూశాను. ఒక్క చెదపురుగు లేదు. ఇలాంటి చెట్టు ఇప్పుడు నరకనివ్వరు కూడా. ఇంకొకటి చూశాను. నడిమధ్య చెక్కనేలలో ఈ చివర నుంచి ఆ చివరకు గీత ఉంది."

రేలీన్ మొహం మాడ్చుకుంది. "అది పగులు కాదు."

"కాదని నాకు తెలుసు."

"నేను వచ్చినప్పటి నుంచీ దాని మీద చాప పరుస్తున్నాను. ఇల్లు విరిగిందనుకుంటారని."

"విరగలేదు, ఇది ఒకసారి ప్రయాణం చేసిన ఇల్లు. ఎక్కడో కోసి, రెండు ముక్కలుగా ఇక్కడికి తెచ్చి, కింద బోల్టులు వేసి కలిపారు. కలిపినవాడు మంచి పనివాడు. ఆ బోల్టులు ఇప్పటికీ తిరుగుతున్నాయి." ఎస్తర్ తన వేళ్ళకున్న గ్రీజు చూపించింది.

రేలీన్ కాళ్ళవైపు చూసుకుంది. ఇన్నేళ్ళుగా తను దాచిపెట్టిన గీత మీద ఒక కాలు అటూ ఒక కాలు ఇటూ వేసి నిలబడి ఉంది.

"అయితే నా ఇంటిని రంపం పెట్టి కోస్తారన్నమాట."

"అవసరం లేదు. బోల్టులు తీస్తాం. రేకుల దగ్గర కొంచెం కోయాలి. తర్వాత కుట్టేస్తాం."

"డాక్టర్లు కూడా ఇలాగే చెప్తారు," అంది రేలీన్. "ముందు నేను చూడాలి. ఎక్కడ నిలబెడతారో."

తర్వాతి ఆదివారం బోర్డు తుడవకుండా తీరానికి బయలుదేరింది.

చెరుకుతోటల మధ్య, ఉప్పుగాలి తగిలే చోట, ఎత్తు చేసిన నేల. అప్పటికే కొత్త గుంజలు కొన్ని పాతి ఉన్నాయి. మిగతావి పక్కన పేర్చి ఉన్నాయి. మనవలు సున్నంతో నేల మీద గదులు గీసుకుని, ఎవరి గది ఏదో తేల్చుకోలేక కొట్టుకుంటున్నారు. అందరూ రేలీన్‌ను "ఆంటీ" అన్నారు. పెద్దావిడ ఎవరు కనిపించినా వాళ్ళ నోట ఆ మాటే వస్తుంది.

"ఆంటీ, సముద్రంవైపు గది నాది కదా?"

"అది నాది. నేను ముందు గీశాను."

"ఎవరిదీ కాదు," అంది రేలీన్. "ముందు ఇల్లు ఎటు తిరిగి ఉంటుందో తెలుసా మీకు? వరండా తూర్పుకి పెట్టాలి. ఆ పడమటి వైపుది పడక గది అంటున్నారు, అక్కడ సాయంత్రం ఎండ పడుతుంది, నిద్రపట్టదు. దాన్ని బట్టలు ఆరేసుకునే చోటు చెయ్యండి. వంటగది ఇటు. కిటికీ దగ్గర నిలబడితే గేటు కనిపించాలి." చేతిలో సున్నం తీసుకుని, పిల్లల గీతలు కాలితో చెరిపేసి, మళ్ళీ గీయడం మొదలుపెట్టింది.

గీస్తూ గీస్తూ మధ్యలో ఆగింది. అది ఎస్తర్ చూసింది. ఇద్దరూ కారవాన్ నీడలో కూర్చుని, కాల్చిన చేప తింటూ ధర మాట్లాడుకున్నారు. ఎస్తర్ బేరం ఆడింది. రేలీన్ కూడా ఆడింది. ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. కుదిరిన మొత్తం రేలీన్ మొదట ఆశపడ్డదానికంటే తక్కువ, బ్రేడన్ దించమన్నదానికంటే ఎక్కువ. రేవు ఊరి ఫ్లాటుకు అది చాలు. పైగా వాలరూ ఫ్లాట్‌లో నేల ఇంకా ఆవిడ పేరు మీదే ఉంటుంది. మీరు అని పిలుచుకోవడం ఎప్పుడో ఆగిపోయి, చేయి కలిపేటప్పటికి ఇద్దరూ నువ్వు, నేను అనుకుంటున్నారు.

బ్రేడన్‌కు ఫోన్ చేసి చెప్పింది. "మీ మార్కెట్‌ని కలిశాను, అబ్బాయ్."

"ఎవరు?"

"రబ్బరు బూట్లు వేసుకుంటుంది. మంచి మనిషి."

"ఇల్లు చూపించింది నేను కదా," అన్నాడు బ్రేడన్. కమీషను సంగతి.

"నువ్వు వంటగది చూపించబోయావు. ఆవిడ గుంజల మధ్య దూరి చూసి కొన్నది. అయినా నీ బోర్డు ఖర్చు, వేలం ఖర్చు ఇచ్చేస్తాను. నీ సాసేజీలు మెర్వ్ లెక్కలో ఉన్నాయి."

ఇల్లు దింపేవాళ్ళు వచ్చి ఇనుప దూలాలు దూర్చి, జాకీలు పెట్టి, ఇంటిని గుంజల మీద నుంచి లేపినప్పుడు అది ఒకసారి మూలిగింది. రేలీన్ ఆ పూట అక్కడ లేదు. కిటికీలు కడగడానికి గుడ్డలు కొనుక్కురావడానికి వెళ్ళానని చెప్పింది. వచ్చి నిచ్చెన వేసుకుని, లారీ మీద ఎక్కి ఉన్న సగం ఇంటి కిటికీలు తుడవడం మొదలుపెట్టింది.

"అమ్మా, దారి పొడుగునా దుమ్మే. అద్దాలు పగిలినా పగలొచ్చు," అన్నాడు లారీ మేస్త్రీ.

"పగిలితే శుభ్రంగా పగలనీ. మురికి కిటికీలతో నా ఇల్లు ఊరు దాటదు."

పడకగదులున్న సగం ముందురోజు వెళ్ళిపోయింది. వంటగది, వరండా ఉన్న సగం మర్నాడు పొద్దున బయలుదేరింది. వేలానికి వచ్చిన కుర్చీలే మళ్ళీ వచ్చాయి. ఈసారి రోడ్డుకు రెండు వైపులా వేశారు. జానిస్ గుడ్డు శాండ్‌విచ్‌లు కట్టి తెచ్చింది. మెర్వ్ చేతులు ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, ఇల్లు లేని స్థలంవైపు చూస్తూ నిలబడ్డాడు. గుంజలు మాత్రం వరసగా ఉన్నాయి.

"రెండేళ్ళలో ఈ ఊళ్ళో అమ్ముడుపోయిన మొదటి ఇల్లు," అన్నాడు. "అదీ ఊరొదిలి పోతోంది."

"నీకు పక్కనే ఖాళీ దొరికింది. కూరగాయలు వేసుకో," అంది రేలీన్. "నీళ్ళు నా కుళాయి నుంచే పట్టు. బిల్లు నేను కడతాను."

"టమాటాలు నీకు పంపాలా?"

"మరి ఊరికే వేసుకుంటావా?"

అతను తలూపి మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆవిడ భుజం మీద ఒక్క దెబ్బ వేసి తన బండి ఎక్కింది.

ఇల్లు మెల్లగా కదిలింది. పెద్ద వీధిలో మూసేసిన దుకాణాల ముందు నుంచి, బ్యాంకు ముందు నుంచి వెళ్ళింది. తెల్లటి వరండా రెండు పక్కలా చెట్లకొమ్మలను రాసుకుంటూ పోయింది. కంపెనీ ఆఫీసు దగ్గర రోడ్డు సన్నం. మేనేజరు కారు గేటులోంచి బయటికి రాబోతూ ఇంటిని చూసి ఆగింది. ఇంటికి ముందు దారి చూపుతూ నడిచే ఎస్కార్టు బండి మనిషి చేయి ఊపి వెనక్కి వెళ్ళమన్నాడు. మేనేజరు వెనక్కి వెళ్ళాడు. గేటు లోపల కారులో కూర్చుని, ఒక డంపర్ డ్రైవరు వంటగది తన ముందు నుంచి దాటిపోయేదాకా ఆగాల్సి వచ్చింది. వీధిలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ కొట్టారు. రేలీన్ హారన్ కూడా మోగించలేదు. కళ్ళద్దాలు సరిచేసుకుని ఇంటి వెనకే వెళ్ళింది.

హైవే మీద ఎక్కాక బండిలోని వైర్‌లెస్ రేడియో గరగరలాడింది. ఎదురుగా వచ్చే బొగ్గు లారీలవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

"ముందెవరైనా ఉన్నారా? ఏదో తెల్లగా, రోడ్డంతా ఆక్రమించుకుని వస్తోంది. ఏంటది?"

రేలీన్ మైకు అందుకుంది. "ఇల్లు."

"ఎక్కడి నుంచి, అక్కా?"

"వాలరూ ఫ్లాట్."

రేడియో మళ్ళీ గరగరలాడింది. "అక్కడ ఇళ్ళు ఎవరూ కొనడం లేదన్నారే."

"నాది కొన్నారు," అంది రేలీన్. "పక్కకు తియ్యి, నాయనా. దారి చాలా వెడల్పు కావాలి."

మొదటి లారీ రోడ్డు దిగి మట్టిలో ఆగింది. దాని వెనక రెండోది, దాని వెనక ఇంకొకటి. కనుచూపు మేర వరసగా పక్కకు జరిగి, ఇంజన్లు తగ్గించి నిలబడ్డాయి. ఇల్లు వాటి పక్క నుంచి, కిటికీల్లో పొద్దున్నే ఎక్కిన ఎండతో, తొందరేమీ లేకుండా సాగిపోయింది.